సముద్రంలో గూకని పొద్దు

బంగాళాఖాతం మీద నాకో ఫిర్యాదు ఉంది. దీని ఒడ్డున ఎన్నేళ్లు కూర్చున్నా పొద్దు నీళ్లలో గూకదు. నీళ్లలోంచి లేస్తుంది, అదీ పెద్దమనుషులు నిద్రపోయే వేళ. సాయంత్రానికి మనకు వీపు చూపించి, నెల్లూరు దిక్కుగా పోయి రొయ్యల గుంటల వెనకెక్కడో పడిపోతుంది. ఇంత తీరం ఉండీ డాక్యుమెంటరీల్లో మన జిల్లాకు దక్కాల్సిన గౌరవం దక్కకపోవడానికి మూలకారణం ఇదే. మొన్న వేసవిలో ఓ బృందానికి లోకల్ కోఆర్డినేటరుగా, అనగా టిఫిన్లు మోసేవాడిగా, పనిచేశాక ఈ సంగతి నాకు రూఢి అయింది.

బృందం మే నెలలో దిగింది. నీరు, తీరం, జనజీవనం అన్నది వాళ్ల విషయం. మైపాడుకు ఉత్తరంగా ఓ పట్టపుపాలెంలో, అనగా జాలర్ల పల్లెలో, కారు దిగీ దిగగానే డైరెక్టరుగారు ఇసకలో వరసగా పడున్న బోట్లను చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "సముద్రం చచ్చిపోయింది" అన్నారు. అసిస్టెంటు రాసుకున్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధమనీ, చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఇంజన్ బోట్లు ఏటా ఇట్లాగే ఒడ్డెక్కుతాయనీ చెప్పబోయి ఊరుకున్నాను. అంత దుఃఖంలో ఉన్న మనిషికి ప్రభుత్వ ఉత్తర్వు చదివి వినిపించడం మర్యాద కాదు. పైగా ఆ బోట్ల నీడన వలలు బాగుచేసుకుంటున్న కుర్రాళ్లు గట్టిగా వాదులాడుకుంటున్నారు. నిషేధకాలం సాయం 2025లో 10,000 నుంచి 20,000 అయింది గదా, అది ఎవరి ఖాతాలో పడింది, ఎవరికి పడలేదు అని. చచ్చిపోయిన సముద్రం ఒడ్డున ఇంత హుషారు బాగుండదని వాళ్లను ఫ్రేములోంచి లేపేశారు.

ఇక ముఖాల ఎంపిక. పాలెం తరఫున నేనే సిగ్గుపడి ఒప్పుకుంటున్నాను, డాక్యుమెంటరీకి పనికొచ్చే ముసలాయన ఒక్కడే దొరికాడు. ముడతలకు వంక పెట్టేదేం లేదు. కానీ జేబులో స్మార్ట్‌ఫోను, నోట్లో మనవరాలి బీటెక్ సీటు కబుర్లు. ఫోను తీయించారు. చొక్కా తీయించారు. వెనకాల ఆయన ఫైబర్ బోటు ఉంది, అది మాత్రం తీయడం కుదర్లేదు. 2004 సునామీ తర్వాత సాయం కింద ఫైబర్ బోట్లు వచ్చిపడ్డాక దుంగల తెప్పలు మూలపడ్డాయి. ఫైబరులో ఆత్మ ఉండదట. తెప్ప కావాలన్నారు.

ఇందులో తప్పు పట్టాల్సిందేం లేదు, పెద్దలు నడిచిన దారే. రాబర్ట్ ఫ్లాహర్టీ ఐర్లండ్ పడమటి తీరాన ఆరన్ దీవులకు పోయి తీసిన 'మ్యాన్ ఆఫ్ ఆరన్' డాక్యుమెంటరీ 1934లో వచ్చింది. అందులో సొరచేపల వేట ఒళ్లు జలదరించేట్టు ఉంటుంది. అప్పటికి ఆ దీవులవాళ్లు ఆ వేట మానేసి దశాబ్దాలైంది. ఈటె ఎట్లా విసరాలో మళ్లీ నేర్పించి మరీ తీశాడు మహానుభావుడు. తెరమీది తల్లీ తండ్రీ కొడుకూ కూడా ఒక ఇంటివాళ్లు కారు, ముఖాలు చూసి ఏరి కలిపిన వాళ్లు. ఆయనతో పోలిస్తే మాది ఎంత నిజాయితీ! మా తాతకు నేర్పాల్సిన పనే లేదు, చిన్ననాడు తెప్పెక్కినవాడే. పక్కపాలెంలో ఒకాయన దొడ్లో కోళ్లగంపల కింద వాడుతున్న తెప్ప దొరికింది, రోజుకు రెండు వేలు అద్దె. ఇంజను లేదు గనుక నిషేధమూ అంటదు.

నీటి భాగానికి ఒక ఆడమనిషి ఇత్తడి బిందెతో ఇసకలో నడిచి రావాలి. పాలెంలో ఇత్తడి బిందె లేదు. ఇక్కడ తాగేనీళ్లు ఆటోలో వస్తాయి, 20 లీటర్ల క్యాన్లలో. ఎందుకని అడిగితే, చంకలో బిడ్డను దించి ఒక అక్క చెప్పడం మొదలుపెట్టింది. చేతిపంపు నీళ్లు ఉప్పనైన సంగతి. టైగర్ రొయ్య రోజుల్లో పొలాలు గుంటలైన సంగతి, తెల్లమచ్చ రోగమొచ్చి మునిగిన సంగతి. తీర నియంత్రణ జోనులోని గుంటలు తీసేయమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో కొత్త చట్టమొచ్చి, రిజిస్ట్రేషను చేయించుకుంటే సాగు చేసుకోవచ్చంది. 2009లో వెనామీ అనే ఇంకో రకం రొయ్యకు అనుమతి దొరికింది, గుంటలు మళ్లీ నిండాయి. ఆ ఏళ్లూ తీర్పులూ ఆమెకు తెలియవు. గుంటలోని ఉప్పు పక్కనున్న మంచినీటి ఊటలోకి ఎట్లా దిగుతుందో మాత్రం ఇసకలో వేలితో గీసి చూపించింది. నాలుగు నిమిషాలు. కెమెరా తిరుగుతూనే ఉంది. కానీ ఆమె నైటీ మీద మిక్కీమౌస్ బొమ్మ ఉంది. వాడలేమన్నారు.

నెల్లూరు పోయి నేనే ఇత్తడి బిందె కొనుక్కొచ్చాను. ఖాళీ బిందెతో నడక సహజంగా రావట్లేదని అందులో ఒక క్యాన్ మినరల్ వాటర్ పోశారు.

తమిళనాడు నుంచి వచ్చే సోనా బోట్లు, అంటే పెద్ద ఇంజన్ బోట్లు, తమ వలలను తెంపుకుపోతాయని కుర్రాళ్లు చెప్పారు. నిషేధం అయ్యాక రండి, రాత్రిపూట లోపలికి తీసుకుపోయి చూపిస్తామన్నారు. గ్రాంటు జూన్ మొదటి వారంతో అయిపోతుంది. రాత్రి అలల చప్పుడు రికార్డు చేయబోతే గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోతే పడింది. దాన్ని తీసేసి వేరే సముద్రం చప్పుడు ఎక్కడో కొన్నారు.

పొద్దు సంగతి మాత్రం తేలలేదు. చివరి రోజు డైరెక్టరుగారు ప్రాణం ఉగ్గబట్టుకుని తెల్లవారుజామున అయిదింటికి లేచారు. వెనక ఎర్రగా పొద్దు లేస్తుంటే తాత తెప్ప మీద ఒడ్డుకొచ్చాడు. అదీ తీసుకుని వెళ్లిపోయారు.

జూన్ 15న బోట్లు దిగాయి. వేలంపాట దగ్గర చందువల బుట్టల మధ్య నిలబడి తాత ఫోనులోనే అందరం ట్రైలరు చూశాం. బ్రహ్మాండంగా ఉంది. పొద్దు సముద్రంలో గూకుతోంది. చిట్టచివరి జాలరి దానిలోకి వెళ్లిపోతున్నాడు. అలలు ఒడ్డు మీదనుంచి లేచి లోపలికి పోతున్నాయి. తాత రెండుసార్లు చూసి ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"ఏందబ్బయా, తెడ్డు ఎనక్కేస్తా వుండానేంది నేను?"

తెప్ప యజమాని పక్కనే ఉన్నాడు. "తెప్ప ఎనక్కి పోతే పోయిందిలే. నా అద్దె యాడికి పోయిందో కనుక్కో" అన్నాడు.

ఫోన్ చేశాను. సారు కేరళలో ఉన్నారట. అక్కడ పొద్దు నీళ్లలోనే గూకుతుంది.