పెద్ద కచేరీ టికెట్‌లో చిన్న వేదికకు వాటా ఉండాలి

హైదరాబాద్‌లో పేరున్న గాయకుడి కచేరీ అంటే చాలు, వేలకు వేలు పెట్టి టికెట్లు కొంటున్నారు. సంతోషమే. అయితే ఆ గాయకుడూ ఒకప్పుడు ఎక్కడో ముప్పై నలభై మంది ముందు తడబడుతూ పాడి రాటుదేలినవాడే. ఆ ముప్పై మంది కూర్చునే చోటు ఏమైపోతోందో పట్టించుకునే నాథుడు లేడు.

బంజారాహిల్స్‌లోని లామకాన్‌నే చూడండి. ఒక కుటుంబం తమ ఇంటిని కళలకు వదిలేస్తే 2010లో మొదలైన వేదిక అది. బండరాళ్ల పక్కన ఆరుబయట చిన్న స్టేజీ, చవగ్గా టీ, సమోసా. ముందు వరుసలో ఎవరైనా ఫోన్ తీశారంటే పాడేవాళ్లకు తెలిసిపోతుంది. తర్వాతి పాట మార్చాలా, మధ్యలో నాలుగు మాటలు చెప్పాలా అని అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఈ విద్య ఏ సంగీత కళాశాలా నేర్పలేదు. ఇంత పెద్ద నగరంలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బ్రిటన్‌లో 2023 ఒక్క ఏడాదిలోనే 125 చిన్న సంగీత వేదికలు మూతపడటమో, కచేరీలు ఆపేయడమో జరిగింది. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న బీటిల్స్ సంగీత బృందం లివర్‌పూల్‌లోని కావెర్న్ క్లబ్ అనే నేలమాళిగలో దాదాపు 300 సార్లు వాయించిన దేశం అది. అందుకే అక్కడ పెద్ద అరీనాలు, స్టేడియాల టికెట్ల నుంచి కొంత సొమ్ము తీసి చిన్న వేదికలకు ఇవ్వాలని 2024లో పార్లమెంటరీ కమిటీ సిఫార్సు చేసింది. అది పన్ను కాదు, దానం అంతకన్నా కాదు. విత్తనాల ఖర్చు. పంట కోసుకునేవాళ్లే పెట్టుకోవాలి.

చుట్టుపక్కల వాళ్లకు నిద్ర ఉండదన్న అభ్యంతరం ఉంది. న్యాయమైనదే. అందుకే రాత్రి 10 తర్వాత ఆరుబయట మైకులు కట్టేయాలన్న నిబంధన ఉంది. ఇక హాలు లోపలి శబ్దం బయటికి రాకుండా గోడలకు ఏర్పాట్లు చేయడం ఖర్చుతో కూడిన పని. టికెట్ల వాటా మొదట వెళ్లాల్సింది దానికే.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. మనకు పాట అంటే సినిమా పాటే. విజయనగరం సంగీత కళాశాల పుట్టి వందేళ్లు దాటింది. ఘంటసాల చదువుకున్నది అక్కడే. ఇప్పుడు సంగీతం నేర్చుకుని బయటికొచ్చే పిల్లలు ఎక్కడ పాడాలి? శ్రీరామనవమి పందిళ్లలో హరికథ, బుర్రకథల చోటును చాలా ఊళ్లలో రికార్డింగ్ పాటలూ ఆర్కెస్ట్రాలూ ఆక్రమించాయి. ఇక మిగిలింది టీవీ పోటీ. అక్కడా పాడాల్సింది సినిమా పాటే. సొంతంగా బాణీ కట్టుకున్న కుర్రాడికి తెలుగు నేల మీద గంటసేపు నిలబడే చోటు లేకపోతే, కొత్త సంగీతం ఎక్కడి నుంచి ఊడిపడుతుంది?

ప్రభుత్వం కోట్లు పోసి మరో మహా ఆడిటోరియం కట్టనక్కర్లేదు. సాయంత్రమైతే తాళం పడే కమ్యూనిటీ హాళ్లు చాలా పట్టణాల్లో ఉన్నాయి. నామమాత్రపు అద్దెకు వారానికి రెండు సాయంత్రాలు స్థానిక కళాకారులకు ఇవ్వాలి. మైకు, లైట్ల ఖర్చు పెద్ద కచేరీల నిర్వాహకులు భరించాలి. అనుమతులు ఇచ్చేటప్పుడే ఈ షరతు పెట్టొచ్చు.