చర్చకి గంటైనా ఉంచండి

శ్రీకాకుళంలో ఉచితంగా డాక్యుమెంటరీలు వేసి, తర్వాత చర్చ పెడుతున్నారని ఒక వ్యాసంలో చదివి చాలా సంతోషం వేసింది. ఒక్క మనవి, చర్చకి కనీసం గంట ఉంచండి.

మా ఊళ్లో ఒకసారి పొందూరు ఖాదీ మీద చిన్న డాక్యుమెంటరీ వేశారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకడం చూసి పిల్లలు నోళ్లు తెరిచారు. లైట్లు వేశాక వెనక వరసలోంచి ఒక మామ్మ లేచి, "దవడని ఎలా పట్టాలో నేను చూపిస్తాను బాబూ" అంది. చీర కొంగునే పత్తిగా పట్టుకుని, సన్నటి పళ్లున్న వైపు ఎటు తిప్పాలో చేసి చూపించింది. చిన్నప్పట్నుంచీ నూలు వడికిన చేతులవి! రోజుకి ఎంత గిడుతుందని ఎవరో అడిగారు. ఇంతలో హాలుకి తాళం వేయాలన్నారు. ఆ జవాబు మాకు దక్కనే లేదు.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద డాక్యుమెంటరీ వేసేటప్పుడు, ఆ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట వాళ్లని పిలవండి. మైకు ముందు వాళ్లకే ఇవ్వండి.