తాళంచెవి మంగళవారం వస్తుంది

మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఏమీ జరగడం లేదని కొందరు గిట్టనివాళ్లు అంటున్నారు. శుద్ధ అబద్ధం. ఒక్క ఏడాదిలో అక్కడ ఒక పదవీ విరమణ, ఒక వారోత్సవం, రెండు అట్టపెట్టెల కొత్త పుస్తకాల రాక, ఒక సీలింగు ఫ్యాను మరమ్మతు జరిగాయి. ఇన్ని విశేషాలున్న చోటు గురించి రాసే నాథుడు లేకపోవడం చూసి, ఇంటి పన్ను బకాయి లేని పౌరుడిగా ఆ పని నేనే నెత్తిన వేసుకున్నాను.

ముందు సిబ్బంది సంగతి. మే నెలాఖరుకి గ్రంథాలయాధికారి గారు రిటైరయ్యారు. శాలువా కప్పారు, గోడ గడియారం చేతిలో పెట్టారు. ఆయన మీద గౌరవం కొద్దీ ఆ కుర్చీని నేటికీ ఖాళీగానే ఉంచారు. అంతకు ముందెప్పుడో వెళ్లిపోయిన రికార్డ్ అసిస్టెంట్ మీద గౌరవం ఇంకా పాతది. ఆ కుర్చీలో ప్రస్తుతం పాత పేపర్ల కట్టలు కూర్చుని ఉద్యోగం వెలగబెడుతున్నాయి. జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్ కుర్చీకి మాత్రం ఈ బాధ లేదు. అది నామినేటెడ్ పదవి, అభ్యర్థులకు కరువు రాదు.

మనకి పక్క మండలం మేడం గారిని ఇన్‌చార్జిగా వేశారు. ఆవిడకి సొంత గ్రంథాలయం ఒకటి, అప్పటికే నెత్తిన పడ్డ ఇన్‌చార్జి ఇంకొకటి. మనది మూడోది. సోమ, గురు, శనివారాలు సొంత చోట, బుధ, ఆదివారాలు ఆ ఇంకోచోట, మంగళవారం ఇక్కడ, శుక్రవారం సెలవు. తెలుగువాళ్లకి అవధానాలు కొత్త కాదు కాబట్టి దీన్ని త్రిగ్రంథాలయావధానం అనుకోవచ్చు. అప్రస్తుత ప్రసంగం బాధ్యత పాఠకులే తీసుకున్నారు. పేపర్ల బల్ల దగ్గర ఉదయం 8 నుంచి 11 దాకా అది నిరాటంకంగా సాగుతుంది. (మేడం గారిని ఏమీ అనడానికి లేదు. బస్సు దిగి, చెమట తుడుచుకుని, మొదట మూడు ఊళ్ల రిజిస్టర్లూ బల్ల మీద పెట్టి, తర్వాతే మంచినీళ్లు తాగే మనిషి ఆవిడ.)

మిగిలిన రోజుల్లో అటెండర్ బాబాయే సర్వం. తలుపు తాళంచెవి ఆయన దగ్గర, బీరువాల తాళాలు మేడం గారి దగ్గర. అందువల్ల వారంలో అయిదు రోజులు పుస్తకాలు ఉంటాయి, మనమూ ఉంటాం, మధ్యలో గాజు తలుపు ఉంటుంది. కొత్తగా వచ్చిన రెండు పెట్టెల పుస్తకాలదీ ఇదే వైభవం. వాటికి నంబర్లు వెయ్యాలి, ముద్రలు కొట్టాలి, వెనక తేదీల చీటీ అతికించాలి. అంతవరకూ ఇంటికి ఇవ్వకూడదు. నేను మెడ పక్కకి వంచి, గాజులోంచి వాటి వీపులు చదువుతున్నాను. ఇప్పటికి పదిహేడు పేర్లు చదివాను. మెడ నొప్పి తప్ప మంచి సాహిత్యమే వచ్చినట్టుంది.

ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి. మా ఊళ్లో దీనికి చిన్న సవరణ జరిగింది, అంతే. నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యాలి. ఇది మాత్రం అక్షరాలా అమలవుతోంది. బీరువా బయట మిగిలిన పాత డిటెక్టివ్ నవల ఒకటి తెరిచాను. చీటీ మీద చివరి ముద్ర 2009 నాటిది. మొదటి పేజీలోనే ఎవరో పుణ్యాత్ముడు పెన్సిలుతో "చంపింది మేనమామ" అని రాసిపెట్టాడు. నాకు మూడు వందల పేజీలు ఆదా. ఇక అయిదోది, గ్రంథాలయం పెరిగే ప్రాణి అని. ఈశాన్యం గోడ పగులులో రావిమొక్క నా భుజం దాకా వచ్చింది.

డబ్బుల్లేవని అనుకోకండి. 1960 నాటి చట్టం ప్రకారం మన ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పడుతుంది. నా పన్ను 1,850 రూపాయలైతే దాని మీద నా చదువుల తల్లికి ముట్టేది 148. మునిసిపాలిటీలు, పంచాయతీలు ఈ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. వసూలు చెయ్యడం వరకూ అందరూ చట్టాన్ని తూచా తప్పకుండా పాటిస్తారు. జమ దగ్గరకొచ్చేసరికి, చేబదులు తీసుకున్న బావమరిది "మీ డబ్బు ఎక్కడికి పోతుంది బావా" అన్నట్టుగా ఉంటుంది వ్యవహారం. నిజమే, ఎక్కడికీ పోదు. ఉన్నచోటే ఉంటుంది.

ఇంతకీ గ్రంథాలయం ఖాళీగా ఉంటుందనుకునేరు. సాయంత్రం నాలుగు దాటితే కుర్చీ దొరకదు. గ్రూప్-2, డీఎస్సీ పిల్లలు. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. నీళ్ల సీసా, కూర్చోవడానికి దిండు, ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా వాళ్లవే. గ్రంథాలయం వాళ్లకిచ్చేది నీడ, ఫ్యాను, నిశ్శబ్దం. ఫ్యాను మరమ్మతుకు చందా వేసుకున్నదీ వాళ్లే. వాళ్లలో ఒక కుర్రాడిని కదిపితే అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయోద్యమ పితామహుడనీ, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో విజయవాడలో పుట్టిందనీ, పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టుకుని కాలువ గట్టు పల్లెలకు పంచారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "ఇవన్నీ బిట్లు అంకుల్, తప్పకుండా వస్తాయి," అన్నాడు. ఆనాడు పుస్తకం పడవెక్కి పాఠకుడి గుమ్మంలోకి వచ్చేది. ఈనాడు తాళంచెవి పల్లెవెలుగు ఎక్కి పుస్తకం దగ్గరకి వస్తోంది. రవాణాలో మనం సాధించింది తక్కువేం కాదు.

ఇక కార్యక్రమాలు. నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. మొదటి రోజు ప్రారంభం, చివరి రోజు ముగింపు, నడుమ అయిదు రోజులూ రిజిస్టరులో ఘనంగా జరిగాయి. ఫ్లెక్సీ మీద పదకొండు మంది నాయకుల ఫొటోలు పట్టించాక నెహ్రూ గారికి చోటు మిగల్లేదు. బడి నుంచి నలభై మంది పిల్లల్ని వరసలో నడిపించుకొచ్చారు. "గ్రంథాలయాల ఆవశ్యకత" మీద వ్యాసరచన పోటీ పెట్టి, గెలిచినవాళ్లకి స్టీలు గిన్నెలు ఇచ్చారు. పుస్తకం ఇవ్వచ్చు కదా అని నేను గొణిగితే, "గిన్నె అయితే ఇంట్లో వాడతారండీ" అన్నారు పక్కాయన. దీనికి రంగనాథన్ గారి దగ్గర కూడా జవాబు ఉండదు.

ఆ రోజు ప్రదర్శన పేరిట బీరువాలు తెరిచారు. కొత్త పుస్తకాలు బల్ల మీద పరిచి, ముందు ప్లాస్టిక్ తాడు కట్టారు. ఆరో తరగతి అమ్మాయి ఒకతె తాడు కిందుగా చెయ్యి పోనిచ్చి, బొమ్మల పుస్తకం ఒకటి తీసి, నిలబడే చదవడం మొదలుపెట్టింది. జడ రిబ్బను నోట్లో పెట్టుకుని నములుతూ రెండు పేజీలు చదివింది. మూడో పేజీ తిప్పేలోగా బిస్కెట్ల లైనులోకి రమ్మని పిలిచారు. ఆ పిల్ల పుస్తకంలో వేలు పెట్టుకునే వెనక్కి చూసింది. బాబాయ్ వచ్చి పుస్తకం తీసుకుని, దుమ్ము లేకపోయినా తువ్వాలుతో తుడిచి, పక్కవాటితో అంచులు కలిసేలా సర్దాడు.

మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. చైర్మన్ గారు, ఎనిమిది దండలు, వెనకాల నా సగం మొహం. చూసుకుందామని ఎనిమిదింటికే వెళ్లాను. పేపరు ఉంది గానీ ఆ చోట అరచేతి వెడల్పున కిటికీ ఉంది. ఫైలుకి కావాలని బాబాయ్ పొద్దున్నే కత్తిరించేశాడు. ఆ కిటికీలోంచి అవతల రిటైర్డ్ మాస్టారు నా వైపే చూస్తున్నారు. ఆయన రోజూ నడిచొచ్చేది పదకేళి కోసం. అదేమో సరిగ్గా చైర్మన్ గారి వెనకవైపు అచ్చయింది.

"ఏవయ్యా," అన్నారాయన అందులోంచే, పెన్సిలు చెవిలోంచి తీస్తూ, "నిలువు ఏడు కింద సగం ఎక్కడుంది?"

"ఫైలు బీరువాలో ఉందండీ మాస్టారూ. తలుపు సందులోంచి లోపలికి జారేశా," అన్నాడు బాబాయ్. "మంగళవారం మేడం గారు రాగానే ఇప్పిస్తా."

మాస్టారు పెన్సిలు మళ్లీ చెవిలో దోపుకుని, ఇవాళ ఏ వారమని నన్ను అడిగారు. బుధవారం.