గ్రూపు గారికి, కావలి నుంచి ఒక విన్నపం

గ్రూపు గారికి,

నమస్కారం. మీరు గ్రూప్ వన్ కాదు, గ్రూప్ టూ కాదు, వాట్సాప్ గ్రూపు అసలే కాదు. మీరు గణితంలో గ్రూపు. ఈ ముక్క మా కావలిలో ఎంతమందికి చెప్పానో లెక్కపెట్టలేదు. పదకొండేళ్ల కిందట పీహెచ్‌డీలో చేరి "గ్రూపుల మీద పనిచేస్తున్నా" అంటే, మా మేనమామ ఊరంతా చాటింపు వేశాడు: "మావాడు గ్రూప్స్ రాస్తున్నాడు, ఈసారి డిప్యూటీ కలెక్టరే!" పిల్లనిస్తామని ఇద్దరు ఇంటిదాకా వచ్చారు. సంగతి తెలిశాక బజార్లో ఎదురుపడినా పలకరించలేదు.

మీతో పడలేక కొన్నాళ్లు గణితంలోనే మీ చుట్టాలైన వలయాలు (రింగ్స్), క్షేత్రాల (ఫీల్డ్స్) వైపు వెళ్లాను. రింగ్ థియరీ అనగానే మా పిన్ని "నెల్లూరు ఆచారి వీధిలో కొట్టు పెడతావా అబ్బయా?" అంది. ఫీల్డ్ అన్నాను. "రొయ్యల గుంటా, నిమ్మతోటా?" అన్నాడు బాబాయి. రెండిట్లో ఏదున్నా ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

అమ్మకు మాత్రం వాకిట్లోనే చూపించాను. ఆమె వేసిన నలుపలకల ముగ్గును పావు పావుగా తిప్పినా, నిలువునా అడ్డంగా మూల నుంచి మూలకూ మడిచినా అట్లాగే ఉంటుంది. ఆ తీరులు మొత్తం 8. తిప్పేవి 4 (అసలు కదపకుండా వదిలెయ్యడంతో కలిపి), మడిచేవి 4. ఏ రెండు వరసగా చేసినా వచ్చేది మళ్లీ ఆ 8లోదే. చేసినదాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఇదే గ్రూపంటే, అన్నాను. అమ్మ శ్రద్ధగా విని, "ఏమీ చెయ్యకపోవడం కూడా ఒకటిగా లెక్కేస్తారా?" అంది. అవునన్నాను. "మరి దానికి జీతం ఇచ్చేవాళ్లున్నారా?"

జీతమంటే గుర్తొచ్చింది. నేను గెస్ట్ ఫ్యాకల్టీని. గంటకింత, సెలవులొస్తే సున్నా. మీ కొలువులో ఇది కొత్తేమీ కాదులెండి. గణితవేత్త ఎమ్మీ నోథర్ 1915లో జర్మనీలోని గోట్టింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, జీతం లేకుండా, అక్కడి ప్రొఫెసర్ హిల్బర్ట్ పేరుతో ప్రకటించిన క్లాసులు ఏళ్ల తరబడి చెప్పింది. మీకు గ్రూపన్న పేరు పెట్టిన ఫ్రెంచి గణితవేత్త గాల్వా రాసింది స్పష్టంగా లేదని 1831లో పారిస్ అకాడమీ తిప్పికొట్టింది. మరుసటేడు 20 ఏళ్లకే ద్వంద్వ యుద్ధంలో పోయాడు. ఆ రాతలు అచ్చయింది 1846లో. 1829లో ఆబేల్ అనే మరో గణితవేత్తకు బెర్లిన్‌లో ఉద్యోగం ఖాయమైందని స్నేహితుడు ఉత్తరం రాసేసరికి, మనిషి పోయి రెండ్రోజులైంది. ఇదేం యాజమాన్యమండీ?

నా పరిశోధన పేపరు, అచ్చుకు ముందు తప్పొప్పులు చూసే రెఫరీ దగ్గర 22 నెలలుంది. చివరికి "మూడో లెమ్మా అందరికీ తెలిసిందే" అని ఒక లైను వచ్చింది. లెమ్మా అంటే పెద్ద సిద్ధాంతానికి మెట్టుగా వేసుకునే చిన్న ఫలితం. అందరికీ తెలిసిన ఆ విషయం తెలుసుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ఉపయోగమేంటని టీకొట్టాయన అడిగితే, ఫోన్లో డబ్బు పంపేటప్పుడు గుట్టు కాపాడే లెక్కల్లో ఉండేది మీరేనని గర్వంగా చెప్పి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను. పేమెంట్ ఫెయిలైంది. తప్పు నెట్‌వర్క్‌ది, కానీ ఆయన చూసింది నన్ను.

మూడేళ్లుగా అమ్మ రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగి నాకోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంటోంది. కోరిక తీరితే మళ్లీ వెళ్లి మనమే రొట్టె ఇవ్వాలి. ఆ అవకాశం మీరింకా ఇవ్వలేదు. ఈసారి నేనూ దిగాను. విద్యా రొట్టె, ఆరోగ్య రొట్టె, వివాహ రొట్టె అని కేకలు. తెగించి "లెమ్మా రొట్టె ఎవరి దగ్గరైనా ఉందా?" అనడిగాను. ఒక పెద్దావిడ "అమ్మ రొట్టా? అమ్మ కావాలంటే సంతాన రొట్టె నాయనా" అని ఒకటి చేతిలో పెట్టేసింది. నాకింకా పెళ్లే కాలేదు. వద్దంటే బాగుండదని అక్కడే తినేశాను. ఏం జరిగినా బాధ్యత మీదే.

ఇట్లు,
మీలో ఆ ఏమీ చెయ్యని మూలకం,
కావలి