రెండున్నర పౌండ్ల డిటెక్టర్ చెప్పిన సంగతి

2009 జులైలో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో, హామర్‌విచ్ దగ్గర దున్నిన పొలంలో టెర్రీ హెర్బర్ట్ అనే ఆయన మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ యంత్రం వయసు పద్నాలుగేళ్లు. పాత సామాన్ల సంతలో రెండున్నర పౌండ్లకు కొన్నది. ఆ రోజు దాని కాయిల్ (కర్ర చివర నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం) కింద మోగింది వెయ్యేళ్లకు పైబడిన ఆంగ్లో-శాక్సన్ కాలపు బంగారం. ఆ కాలానిది అంత పెద్ద బంగారు నిధి అంతకుముందు ఎక్కడా బయటపడలేదు. దానికి 32.85 లక్షల పౌండ్ల విలువ కట్టి, ఆయనకూ పొలం యజమానికీ చెరి సగం ఇచ్చారు.

ఈ సంగతి ఎత్తగానే ఖరీదైన యంత్రాలు వాడేవాళ్లు ‘అది అదృష్టం’ అంటారు. అదృష్టమే, కాదనను. కానీ ఆ అదృష్టాన్ని అందుకోవడానికి ఎలాంటి యంత్రం సరిపోయిందో కూడా ఆ రోజే తేలిపోయింది కదా. నేను లెస్టర్‌లో ఉంటాను. ఆరు శీతాకాలాలుగా కోతలైన గోధుమ చేలల్లో, రైతుల అనుమతితో ఈ యంత్రం మోస్తూ తిరుగుతున్నాను. చవకదీ వాడాను, దానికి ఏడింతల ధర పెట్టి కొన్నదీ వాడాను. సెలవు రోజుల్లో సరదాకు తిరిగేవాళ్లకు పదిహేను వందల పౌండ్ల డిటెక్టర్, రెండు వందల పౌండ్లదాని కన్నా చెప్పుకోదగ్గ మేలేమీ చేయదన్నది నా గట్టి అభిప్రాయం.

ఏ మోడల్‌లో ఎన్ని ఫ్రీక్వెన్సీలు, ఎన్ని ప్రోగ్రాములు అన్న చర్చ ఈ సరదాలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే కాబట్టి అది మళ్లీ ఏకరువు పెట్టను. ఒక్కటి మాత్రం గుర్తు చేస్తాను. ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో నేలను చూసే పద్ధతి ఒకప్పుడు ఖరీదైన యంత్రాలకే ఉండేది. 2019లో మైన్‌ల్యాబ్ కంపెనీ దాన్ని తన చవక రకం వాంక్విష్ 340లోనే పెట్టేసింది. ఆపైన పెట్టే ప్రతి పౌండూ వైర్‌లెస్ హెడ్‌ఫోన్లకూ, నీళ్లలో మునిగినా చెడని ఒంటికీ, మెరుగైన తెరకూ, మీటలు నొక్కి మార్చుకునే సవాలక్ష అమరికలకూ పోతుంది. అవి సౌకర్యాలే. వాటివల్ల నేలలో నాణేలు పెరగవు.

లోతు సంగతి చూద్దాం. అసలు ఆశంతా అక్కడే ఉంది, అమ్మకమూ అక్కడే జరుగుతుంది. నాకు రెండో డిటెక్టర్ అమ్మినాయన ‘లోతు రెట్టింపవుతుంది’ అని కళ్లలోకి చూస్తూ చెప్పాడు. ప్రకృతి అందుకు ఒప్పుకోదు. కాయిల్ నుంచి నేలలోకి వెళ్లే అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ మూడో ఘాతంలో బలహీనపడుతుంది. నాణెం నుంచి తిరిగొచ్చే సంకేతమూ అంతే. రెండూ కలిస్తే ఆరో ఘాతం. కాయిల్‌కు కాస్త దూరంగా ఉన్న చిన్న వస్తువు రెండింతల దూరానికి పోతే, దాని సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. ఏడింతలో పదింతలో ధర పెట్టి ఈ గోడను దాటలేం. యంత్రం చెవిని పదును పెట్టేకొద్దీ దానికి నాణెంతోపాటు మట్టిలోని ఇనుప ధాతువుల రొద కూడా ఎక్కువగా వినబడుతుంది. నా రెండు యంత్రాలనూ ఒకే గుంట మీద పట్టి చూసినప్పుడు కనబడిన తేడా ఒకటి రెండు అంగుళాలు.

ఆ అంగుళాలైనా మనకు పనికొస్తాయా? ఇంగ్లండ్, వేల్స్‌లలో డిటెక్టర్లు వాడేవాళ్ల కోసం పెట్టుకున్న నియమావళి, వీలైనంతవరకు దున్నిన నేలలోనే, నాగలి దిగినంత లోతులోనే తవ్వమంటుంది. దానికి కింద ఉన్నది కదలని మట్టి. అక్కడ గోడ పునాదో, సమాధో, పెట్టెలో పెట్టిన నాణేలో ఉంటే అవి వేసినవి వేసినట్టే ఉంటాయి. ఆ మట్టి పురావస్తు శాఖవాళ్లది. స్టాఫర్డ్‌షైర్ బంగారం కూడా దుక్కి మట్టిలోనే దొరికింది. తవ్వకూడని లోతు కోసం వెయ్యి పౌండ్లు అదనంగా పెట్టడం ఏ లెక్కకు అందుతుంది?

ఇక ఖరీదైన యంత్రం చెత్తనూ బంగారాన్నీ విడదీసి చెబుతుందన్న నమ్మకం. ఇనుప మేకును వెండి నాణెం నుంచి విడదీయడం చవక యంత్రానికీ వచ్చు. చిక్కల్లా డ్రింకు డబ్బా మూత రింగుతోనే. కింద ఉన్నది ఏ లోహమో చెప్పడానికి డిటెక్టర్ తెర మీద చూపే అంకె, అల్యూమినియం రింగుకూ సన్నటి బంగారు ఉంగరానికీ ఒకటే. ఎంత డబ్బు పోసినా ఈ గుట్టు విప్పే యంత్రం లేదు. బంగారం కావాలంటే రింగులన్నీ తవ్వాల్సిందే. ఖరీదైనది కొన్నవాడు ఆ అంకెను నమ్మి ‘ఇది రింగే’ అని ముందుకు పోతాడు. చవకదాని మీద అంత నమ్మకం ఉండదు కాబట్టి దాన్ని పట్టుకున్నవాడు వంగి తవ్వుతాడు. ఈ తేడాను నా కళ్లతో చాలాసార్లు చూశాను.

ఇప్పుడు ఒక లెక్క, ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. కాయిల్‌ను ఎడమ నుంచి కుడికి ఊపితే మీటరున్నర పట్టె తుడిచినట్టవుతుంది. అలా ఎకరమంతా చూడాలంటే 2.7 కిలోమీటర్లు నడవాలి. ఊపుకూ ఊపుకూ మధ్య 15 సెంటీమీటర్లకు మించి జరిగితే నడుమ నేల మిగిలిపోతుంది. అంటే 18,000 ఊపులు. ఊపుకు సెకనున్నర చొప్పున ఏడున్నర గంటలు, అదీ ఒక్కసారి కూడా వంగి తవ్వకుండా. మనవాళ్లేమో ఉదయం టీ తాగి బయల్దేరి మధ్యాహ్నానికి అయిదెకరాలు ‘అయిపోయింది’ అంటారు. ఆ అయిదెకరాల్లో కాయిల్ కిందికి వచ్చిన నేల ఎంత? పైగా ఊపు చివర కాయిల్ రెండంగుళాలు పైకి లేస్తే, డబ్బు పోసి తెచ్చుకున్న ఆ అంగుళాలు గాల్లోనే పోతాయి. నిదానంగా, నేలను రాసుకుంటూ చెయ్యి ఊపడం నేర్చుకున్నవాడికి అదే లోతు ఉచితంగా వస్తుంది.

ఎదుటివాళ్ల మాటలో నిజం లేకపోలేదు. సముద్రపు తడి ఇసుకలో ఉప్పు వల్ల ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రం అదే పనిగా అరుస్తుంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు ఎర్ర ఇనుప నేలల్లో సన్నటి బంగారం వెతికేవాళ్లకు వేల డాలర్ల పల్స్ ఇండక్షన్ యంత్రాలు (విద్యుత్తును విడివిడి తునకలుగా పంపి వెతికే రకం) నిజంగానే అక్కరకొస్తాయి. దాని మీద బతికేవాళ్లు కొనుక్కోవాలి కూడా. అయితే 2023లో అదే విక్టోరియాలో ఒక సరదా వేటగాడికి 4.6 కిలోల రాయి దొరికింది. అందులో 2.6 కిలోల బంగారం ఉంది. ఆయన చేతిలో ఉన్నది 1,200 ఆస్ట్రేలియన్ డాలర్ల యంత్రం. ఆ గడ్డ మీద చాలామంది వాడేవాటితో పోలిస్తే అది చవకే.

అసలు నేను చెప్పాలనుకున్నది యంత్రం గురించి కూడా కాదు. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లో ఎక్కడుందో తెలియదు. ఎక్స్‌రే రావడానికి ఇంకా పద్నాలుగేళ్లు ఉంది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఆ కాలానికి అత్యుత్తమమైన లోహశోధక యంత్రాన్ని తయారు చేసుకుని వచ్చాడు. అంతర్యుద్ధంలో తూటాలు దిగి అలాగే బతుకుతున్న సైనికుల మీద పరీక్షిస్తే అది పనిచేసింది. అధ్యక్షుడి దగ్గర మాత్రం విఫలమైంది. మంచం పరుపులోని ఉక్కు స్ప్రింగులు ఒక కారణమంటారు. అంతకన్నా పెద్ద కారణం, తూటా కుడివైపే ఉందని పట్టుబట్టిన వైద్యుడు బ్లిస్ ఆ వైపే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. శవపరీక్షలో తూటా వెన్నెముకకు ఎడమవైపు దొరికింది.

నూట నలభై ఏళ్లు దాటినా మనం బ్లిస్ చేసిన పొరపాటే చేస్తున్నాం. ఎక్కడ వెతకాలో తెలుసుకోకుండా, దేనితో వెతకాలన్నదాని మీదే డబ్బంతా పెడుతున్నాం. జెర్సీ దీవిలో రెగ్ మీడ్, రిచర్డ్ మైల్స్ ఒకే ప్రాంతాన్ని ముప్ఫై ఏళ్లు పట్టుకుని వెతికారు. అక్కడి పొలంలో తన తండ్రికి వెండి నాణేలు దొరికాయని ఒకామె చెప్పిన మాటే వాళ్ల ఆధారం. 2012లో దాదాపు 70,000 నాణేల ముద్ద బయటపడింది. ఆ ముప్ఫై ఏళ్లలో ఎన్ని కొత్త మోడళ్లు వచ్చి పోయి ఉంటాయో. ఆమె మాట మాత్రం పాతబడలేదు.

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. తొలకరి పడగానే చుట్టుపక్కల జిల్లాలవాళ్లు కూడా వచ్చి, వాన కడిగిన నేలలో వజ్రాల కోసం చూపు దించి నడుస్తారు. వజ్రాన్ని మెటల్ డిటెక్టర్ పట్టలేదు, అక్కడ కళ్లే పనిముట్లు. మా అమ్మమ్మది పత్తికొండ వైపు ఊరు. చిన్నప్పుడు ఆమె వెంట వెళితే ‘నీళ్లు యాడికి పారినాయో చూడు నాయనా, ఆ యెంటే పో’ అనేది. లెస్టర్ చేలల్లో నాకు పనికొచ్చిన పాఠం అదొక్కటే. ఖరీదైన యంత్రం కొన్న మొదటి ఏడాది నాకు బొత్తాలూ, సీసపు గుళ్లూ, విక్టోరియా రాణి కాలపు రాగి పెన్నీలే వచ్చాయి, ముందు చవకదానితో వచ్చినట్టే. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం పాత పటాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. వాటిని రాత్రుళ్లు చూస్తూ కూర్చుంటే, నేను తిరుగుతున్న చేను మధ్య నుంచి చర్చికి పోయే పాత కాలిబాట ఒకటి కనబడింది. ఇప్పుడక్కడ బాట ఆనవాలే లేదు. జనం కంచె ఎక్కి దిగిన చోట జేబులోంచి ఏవైనా జారి ఉండాలి కదా అనుకున్నాను. పాత డిటెక్టర్‌తోనే వెళ్లాను. సుత్తితో కొట్టి అచ్చువేసిన వెండి నాణేలు మూడు, ఒకే మూలలో, జానెడు లోతు లోపలే దొరికాయి.

కాబట్టి కొత్తగా ఈ దారి పట్టే తెలుగు మిత్రులు రెండు వందల పౌండ్ల యంత్రం కొని, మిగిలిన డబ్బును పెట్రోలుకూ పుస్తకాలకూ ఉంచుకోవాలి. రైతు ఇంట్లో టీ తాగుతూ కూర్చునే తీరిక సంపాదించుకోవాలి. ఆ పొలంలో ఏ తరంలో ఎవరు ఏం పోగొట్టుకున్నారో చెప్పగలిగేది ఆయనే. 1992 నవంబర్‌లో సఫోక్‌లోని హాక్స్‌న్ గ్రామంలో జరిగింది అదే. పీటర్ వాట్లింగ్ అనే రైతు తన సుత్తి పొలంలో పోయిందని, వెతికిపెట్టమని స్నేహితుడు ఎరిక్ లాస్‌ను అడిగాడు. రిటైరైన ఆ తోటమాలి, కానుకగా వచ్చిన డిటెక్టర్ పట్టుకుని వెళ్లాడు. వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు బయటపడడం మొదలైంది. అంతా తవ్వేయకుండా ఆపి కబురు పెట్టాడు. మర్నాడు పురావస్తు శాఖవాళ్లు వచ్చి, 14,865 రోమన్ నాణేలతో ఉన్న ఆ నిధిని పెట్టెలో సర్దినది సర్దినట్టే చదువుకుంటూ పైకి తీశారు. సుత్తి కూడా దొరికింది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.