ఆ 35 మార్కులు ఎవరివి?

ఈ వాదంలో ఇద్దరున్నారు. ఒకరు హనుమకొండలో స్థిరపడిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, డెబ్బై రెండేళ్ల మనిషి. మరొకరు ఆయన మేనకోడలు, అదే ఊళ్లో ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో కామర్స్ చెబుతుంది. వాదానికి కారణం మేడమీది గదిలో ఉంటున్న ఆయన మనవడు. 2025లో బీకాం ముగించిన ఆ అబ్బాయి హైదరాబాదులో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లాడు. ఇంటర్ మొదటి సంవత్సరం మెమోలో మూడు సబ్జెక్టులకు వరుసగా 35 ఎందుకున్నాయని అడిగేసరికి ఫైలు మూసి, జవాబు చెప్పకుండానే లేచి వచ్చేశాడు. నేను మేనకోడలి పక్షమేనని ముందే ఒప్పుకుంటున్నాను. మామయ్య మాటలకు మాత్రం పదును తగ్గించలేదు.

మామయ్య: ఆ మూడు అంకెలూ వాడు సంపాదించుకున్నవి కావు బిడ్డా, సర్కారు వేసిన భిక్ష. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు మూడు రోజులు జరిగి కరోనాతో ఆగిపోయాయి, జూన్‌లో అందరినీ పాస్ చేశారు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్ష రాయకుండానే రెండో సంవత్సరంలో కూర్చోబెట్టారు. చివరికి 2021 అక్టోబరు 25 నుంచి ఆ పరీక్ష పెడితే, డిసెంబరు 16న వచ్చిన ఫలితాల్లో 49 శాతమే గట్టెక్కారు. గొడవ మొదలైంది. 24న మంత్రిగారు మిగిలిన వాళ్లందరికీ పాసుకు కావలసిన కనీస మార్కులు, అంటే 35, వేస్తున్నామని ప్రకటించారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మనం ఏడ్చిన ప్రతివాడికీ పెట్టాం. ఇప్పుడు వాడు ఒక్క ప్రశ్నకు తట్టుకోలేక లేచి వస్తే, దానికి నువ్వు మానసిక ఆరోగ్యమని పేరు పెడుతున్నావు.

మేనకోడలు: మీరు చెప్పిన తేదీలన్నీ నిజమే మామయ్యా. వాటి మధ్యలో పాఠం ఎప్పుడు జరిగిందో మాత్రం చెప్పలేదు. 2020 సెప్టెంబరు 1న టీవీలో, టీశాట్ చానెల్‌లోనూ దూరదర్శన్ యాదగిరిలోనూ పాఠాలు మొదలయ్యాయి. కళాశాల తలుపులు 2021 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి, మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. ఆదివారాలూ పండుగలూ కలుపుకున్నా 51 రోజులు. ఆ తరువాత రెండో అల, మే 12 నుంచి లాక్‌డౌన్, సెప్టెంబరు 1 దాకా మూసిన గదులే. రెండో సంవత్సరం పాఠాలు మొదలయ్యాక, వెనక్కి వచ్చి మొదటి సంవత్సరం పరీక్ష రాయమన్నారు. ఇంట్లో ప్రత్యేకంగా ఒక గది, ఒక ఫోను, పొద్దంతా సిగ్నలు ఉన్న పిల్లలు రాశారు. తండ్రి ఫోను తీసుకుని పత్తి చేనుకు పోతే, సాయంత్రం ఆయన వచ్చేదాకా పాఠం లేని పిల్లలు రాయలేకపోయారు. ఆ 49 శాతం పిల్లల తెలివికి కొలత అని మీరనుకుంటున్నారు, అది ఇళ్లకు కొలత. ఇక ఏడ్చిన ప్రతివాడికీ పెట్టామన్నారు. 16కూ 24కూ మధ్య ఎనిమిది రోజులున్నాయి, ఆ రోజుల్లో కొందరు పిల్లలు ఏడవకుండానే మనకు లేకుండా పోయారు. వాళ్ల తరువాత కదా ఆ ప్రకటన వచ్చింది.

మామయ్య: పోయిన పిల్లల మాట తెస్తే నేనేం మాట్లాడను? అయినా ఒకటి అడుగుతాను. 1969లో నేను పీయూసీ, అప్పట్లో ఇంటర్ లాంటి చదువు. తెలంగాణ ఉద్యమంలో నెలల తరబడి కళాశాలలు మూతపడ్డాయి, పరీక్షలు లేవు, ఏడాది మొత్తం పోయింది. కాల్పుల్లో మా ఈడు వాళ్లు చనిపోయారు. మమ్మల్ని ఎవరైనా కూర్చోబెట్టి, నీ మనసెలా ఉంది నాయనా అని అడిగారా? మరుసటి ఏడాది పుస్తకం తీశాం, రాశాం. చదువు పోవడం ఈ వరంగల్లుకు కొత్త కాదు.

మేనకోడలు: నేను మొదటి నుంచీ చెప్పాలనుకున్నది మీ నోటనే వచ్చింది. ఆ ఏడాది మీరు రాత్రిళ్లు ఎక్కడ పడుకునేవారో నాకు వందసార్లు చెప్పారు. చౌరస్తాలో ఊరేగింపు అయ్యాక ఎవరో ఒకరి ఇంట్లో పది మంది ఒకే చాప మీద పడుకునేవారని, ఆ ఇంటి తల్లి పేరు మీకు ఇప్పటికీ గుర్తుందని చెప్పారు. మీ ఏడాది పోయిందన్నది నిజం, అయితే అందరూ కలిసి పోగొట్టుకున్నారు. పోగొట్టుకున్నందుకు ఒక కారణం ఉందని నమ్మారు, తిట్టడానికి ఒక ప్రభుత్వం ఉంది, ఏడవడానికి పక్కన ఒక భుజం ఉంది. వీళ్లు కూడా ఏడాదిన్నర పోగొట్టుకున్నారు, ఒక్కొక్కరూ ఒక్కో గదిలో. తిట్టడానికి కంటికి కనిపించని పురుగు తప్ప ఎవరూ లేరు. పక్కనున్న మనిషిని ముట్టుకోవద్దని చెప్పినవాళ్లం మనమే.

ఆన్‌లైన్ పాఠాలను నేను అటువైపు కూర్చుని చూసినదాన్ని. తెర మీద నలభై నల్లటి గళ్లు, గడికొక పేరు, లేదంటే పేరులోని మొదటి అక్షరం. పట్టికకు ఎడమవైపు ఏం రాయాలో అడిగితే నలభై గళ్లలో ఒక్కటీ కదలదు. వినిపిస్తోందా అని అడిగితే కొంతసేపటికి ఎవరో 'యెస్ మేడమ్' అని టైపు చేస్తారు. తరగతి గదిలో నాకు తెలియకుండా చీటీలు రాసుకునే పిల్లలను, వెనక బెంచీలో నవ్వు ఆపుకోలేక తల దించుకునే పిల్లలను నేను ఇరవై ఏళ్లుగా కసిరాను. వాళ్ల చదువులో సగం అక్కడే జరుగుతుందని ఆ గళ్లను చూశాకే నాకు తెలిసింది. పదహారేళ్ల పిల్లవాడు తానెవరో అమ్మానాన్నల ముఖంలో చూసి తెలుసుకోడు, తోటివాళ్ల ముఖాల్లో చూసి తెలుసుకుంటాడు. ఆ వయసులో సరిగ్గా ఆ ముఖాలకే మనం గుడ్డ కట్టాం, కట్టక తప్పలేదు. మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు పాతిక శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలినది యువతకూ ఆడవాళ్లకూ. మీ మనవడు మెత్తనివాడు కాబట్టి కుంగిపోయాడని మీరంటే, ఇన్ని దేశాల పిల్లలు ఒక్కసారే మెత్తబడ్డారని నమ్మాల్సి వస్తుంది.

మామయ్య: బాగా చెప్పావు. ఇప్పుడు నేను చెప్పేది విను. నువ్వు పనిచేసే కళాశాల హాస్టలు మెట్ల దగ్గర ఇనుప గ్రిల్లు ఉందా లేదా? దానికి తాళం ఎప్పుడు పడింది, కరోనా వచ్చాకనా? పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి, ఆదివారం పది నిమిషాలు ఫోనిచ్చి, నెలకోసారి తల్లిదండ్రులకు చూపించే పద్ధతి ఈ ఊళ్లో ఎప్పటి నుంచి ఉంది? పిల్లల ముఖాలకు గుడ్డ కట్టామంటున్నావు. మీ దగ్గర ఆ ముఖాలను ర్యాంకుల వారీగా సెక్షన్లుగా విడదీసి, ఒకరితో ఒకరిని మాట్లాడనివ్వకుండా ఉంచిన ఏళ్ల మాటేమిటి? 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు ఏ వైరస్ ఉంది? మీరు ముందే పెట్టిన లాక్‌డౌన్‌కు కరోనా పేరు తగిలించి చేతులు కడుక్కుంటున్నారు.

(ఈ మాట తరువాత ఆమె కొంతసేపు మాట్లాడలేదు. నా అభిప్రాయంలో ఈ వాదం మొత్తంలో ఇంత బలమైన దెబ్బ ఇంకొకటి లేదు, అది తగిలినది కూడా నా పక్షానికే.)

మేనకోడలు: గ్రిల్లు ఉంది. దాని తాళంచెవి రెండేళ్లు నా దగ్గరే ఉంది. మీరన్నది ఒప్పుకుంటాను. కరోనా ఈ జబ్బును పుట్టించలేదు. జాతీయ నేర గణాంకాల్లో ప్రాణాలు తీసుకున్న విద్యార్థుల సంఖ్య 2019లోనే 10,335. అయితే ఆ లెక్క అక్కడ ఆగలేదు మామయ్యా, 2020లో 12,526, 2021లో 13,089. ముందే పగిలిన కుండ మీద ఇంకొక రాయి పడింది. పగులు పాతదే కదా అని రాయిని వదిలేయమంటారా?

మామయ్య: రాయిని వదిలేయమనలేదు, అది ఎవరి చేతిలో ఉందో చూడమన్నాను. మా ఇంట్లో ఆ రాయి ఫోను. తెల్లవారుజాము మూడింటికి కూడా వాడి గదిలో నీలం వెలుగు కనిపిస్తుంది.

మేనకోడలు: ఆ ఫోను కొన్నది మీరు.

మామయ్య: పాఠాల కోసం కొన్నాను. పాఠాలు కావాలని మీ కళాశాలల వాళ్లే కదా చెప్పారు?

మేనకోడలు: కావాలని చెప్పాం. కొనేటప్పుడు పదివేలు చాలంటే, మనవడికి తక్కువ కాకూడదని పద్దెనిమిది వేలది తెచ్చింది మీరు.

మామయ్య: ధర సంగతి ఇప్పుడెందుకు? కొన్నవాడే చెడగొట్టాడంటావా? గొడ్డలి ఇచ్చినవాడిదా తప్పు, కాలు నరుక్కున్నవాడిదా?

మేనకోడలు: గొడ్డలి ఇచ్చి అడవిలో ఒంటరిగా వదిలినవాళ్ల మాట నేను అడుగుతున్నాను. తలుపు మూసి ఉన్న గదిలో ఒక పిల్లవాడికి మిగిలిన ఏకైక కిటికీ ఆ ఫోను. బయటి తలుపులు తెరుచుకున్నాక కూడా వాడు ఆ కిటికీ దగ్గరి నుంచి లేవలేదని మీకు కోపం. ఎందుకు లేవలేదో అడగడానికి మీరు ఎన్నిసార్లు మేడెక్కారు? ఫోను మాట పక్కన పెట్టి, అత్తమ్మ సంగతి అడుగుతాను, కోపగించుకోవద్దు. 2021 మేలో అత్తమ్మను ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆమె పోయిన తరువాత రెండు రోజుల దాకా వాడికి ఆ సంగతి చెప్పలేదు. ఆక్సిజన్ మీద ఉందని, బాగవుతుందని చెబుతూ వచ్చారు. ఇంటికి తేకుండానే నలుగురు మనుషులతో అంతా ముగించారు. మూడోనాడు పిట్టకు ముద్ద పెట్టేటప్పుడు వాడు మేడమీద ఆన్‌లైన్ పాఠం వింటున్నాడు. ఆ రోజు నా తరగతి కూడా జరుగుతోంది, ఆ నల్ల గళ్లలో ఇంకెన్ని ఇళ్లలో ఇదే జరిగిందో నాకు తెలియదు.

మామయ్య: వాడి మంచికే దాచాను. పరీక్షలుంటాయో ఉండవో తెలియని రోజులు. నేను ఏడిస్తే వాడు ఏడుస్తాడని నేనూ ఏడవలేదు. ఇది తప్పని నువ్వు నాకు చెప్పనక్కరలేదు.

మేనకోడలు: తప్పని చెప్పడానికి ఎత్తలేదు. ఏడవకూడదని వాడు ఎక్కడ నేర్చుకున్నాడో చూపించడానికి ఎత్తాను. ఇంటర్వ్యూలో వాడు లేచి వచ్చింది మార్కులు తక్కువని కాదు. ఆ 35 ఎలా వచ్చాయో చెప్పాలంటే ఆ ఏడాదంతా చెప్పాలి, ఆ ఏడాదిలో ఏం జరిగిందో ఈ ఇంట్లో ఇప్పటి వరకూ ఎవరూ వాడితో మాట్లాడలేదు. తనకే చెప్పుకోని సంగతిని ముక్కూమొహం తెలియని అధికారికి ఏమని చెబుతాడు?

మామయ్య: సరే, అయితే ఏం చేయమంటావు? డాక్టరుకు చూపించమంటావు, అంతేనా? మేం పిచ్చి ముదిరితే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపేవాళ్లం. బీకాం చదివిన కుర్రాణ్ని అక్కడికి తీసుకుపోతే రేపు పిల్లనెవరిస్తారు?

మేనకోడలు: ఈ భయం మీ ఒక్కరిది కాదు. 2021లో యూనిసెఫ్ వాళ్లు 21 దేశాల్లో యువతను అడిగారు, మనసు బాగాలేనప్పుడు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదేనా అని. ఆ దేశాల సగటు 83 శాతం అవునన్నారు. మన దేశంలో 41 శాతమే అవునన్నారు. తక్కిన పిల్లలకు ఆ మాట చెప్పింది మనమే, ఎర్రగడ్డ పేరు పెట్టి నవ్వుతూ చెప్పాం. ఎర్రగడ్డ దాకా పోనక్కరలేదు, ఇక్కడి ఎంజీఎం ఆసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది, జ్వరానికి ఓపీ చీటీ తీసుకున్నట్లే అక్కడా తీసుకోవచ్చు. అంత దూరం కూడా వద్దనుకుంటే 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ అనే సర్కారు సహాయవాణి ఉంది, 14416కు ఏ వేళప్పుడైనా ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మీరు తిట్టే ఆ ఫోను నుంచే చేయవచ్చు. అయితే నేను మొదట అడిగేది డాక్టరును కాదు మామయ్యా, మిమ్మల్ని. వాడు ఆ ఏడాది గురించి మాట్లాడగలిగే మనిషి ఈ ఇంట్లో మీరొక్కరే.

మామయ్య: నేనేం మాట్లాడను? ధైర్యంగా ఉండమని చెబుతూనే ఉన్నాను.

మేనకోడలు: 1970లో మీరు పీయూసీ ఏ క్లాసులో పాసయ్యారు?

మామయ్య: అదెందుకిప్పుడు?

మేనకోడలు: థర్డ్ క్లాసు. అమ్మ చెప్పింది. అందరూ పుస్తకం తీశాం, రాశాం అన్నారు కానీ, ఆ క్లాసు మాట మనవడికి ఎప్పుడూ చెప్పలేదు.

మామయ్య: థర్డ్ క్లాసైనా నేను రాసి తెచ్చుకున్నది. ఎవరూ వేసింది కాదు. నా మార్కులకూ వాడి మార్కులకూ పోలికేమిటి?

మేనకోడలు: పోలిక తెచ్చింది మీరే మామయ్యా, అరవై తొమ్మిదితో.