ఓర్పుకు లొంగి మారిన ప్లేబాయ్ ఏ నాటకంలో ఉన్నాడు?

ఈ మెసేజ్ పంపని స్నేహితులు లేరు: "షేక్‌స్పియర్ కాలం నాటకాల్లో ప్లేబాయ్ హీరో ఎన్ని వేషాలు వేసినా ఏ ఆడదాన్నీ బలవంతపెట్టడు. చివరికి భార్య ఓర్పుకు లొంగి మారిపోతాడు. అమ్మాయిలూ, ఓపిక పట్టండి!"

షేక్‌స్పియర్ 1616లోనే పోయాడు. ఈ హీరోల హవా నడిచింది 1660లో ఇంగ్లండ్ రాజుగా రెండో చార్లెస్ గద్దెనెక్కి, మూతపడ్డ నాటకశాలలు తెరిపించాక. అది వదిలేద్దాం.

బలవంతపెట్టడా? ఆఫ్రా బేన్ 1677లో రాసిన 'ది రోవర్'లో ప్లేబాయ్ హీరో విల్‌మోర్ తాగి తోటలోకి దూరి ఫ్లోరిండా మీద పడతాడు. ఆమె అతని స్నేహితుడు ప్రేమించిన అమ్మాయి. ఒక స్త్రీ రాసిన నాటకం ఇది, ఆవిడ దాన్ని దాచలేదు.

నాకు ఒళ్లు మండేది ఆ ఓర్పు మాటకే. అలాంటి ముగింపుకు పేరుపడ్డది 1696 నాటి కోలీ సిబ్బర్ నాటకం 'లవ్స్ లాస్ట్ షిఫ్ట్'. భార్య అమాండాను వదిలేసి పోయిన లవ్‌లెస్ ఏళ్ల తర్వాత తిరిగొస్తాడు, ఆమెను గుర్తుపట్టను కూడా పట్టడు. అప్పుడామె పరాయి స్త్రీలా నటించి అతన్ని పడకకు రప్పించి, తెల్లారాక తానెవరో చెబుతుంది. అప్పుడు పశ్చాత్తాపపడతాడు. ఇందులో ఓర్పు ఏం సాధించింది? సాధించింది ఆమె ఆడిన నాటకం. ఆ పశ్చాత్తాపమైనా నిలిచిందా అంటే, అదే ఏడాది వాన్‌బ్రా 'ది రిలాప్స్' అని దానికి కొనసాగింపు రాశాడు, లండన్ వచ్చిన లవ్‌లెస్ అమాండా చుట్టం బెరింతియా వెంటే పడతాడు! విల్‌మోర్‌ను చేసుకుంటానన్న హెలెనా గతీ అంతే, 1681 నాటి 'ది రోవర్' రెండో భాగం మొదలయ్యేసరికి ఆమె చచ్చిపోయింది, అయ్యగారు మళ్లీ పాత దారిలోనే ఉన్నారు. ఏ అమ్మాయిని ఓపిక పట్టమంటున్నారు మీరు? భర్త చేసేవన్నీ భరిస్తూ కూర్చున్న ఆడవాళ్ల ఫోన్లకు కూడా ఈ సలహా వెళ్తోందని పంపేవాళ్లకు తట్టదా?

ఈ హీరో మాటల్లో మత్తుందని కూడా ఆ మెసేజ్‌లో రాశారు. అది మాత్రం ముమ్మాటికీ నిజం. ఎథరెజ్ 1676లో రాసిన 'ది మ్యాన్ ఆఫ్ మోడ్'లో హీరో డోరిమాంట్ నోరు విప్పితే నాకూ పేజీ తిప్పబుద్ధి కాదు. కానీ అతను మనసుపడ్డ హారియెట్ ఆ మాటలకు వెంటనే పడిపోదు. నిజంగా ప్రేమే అయితే లండన్ వదిలి హాంప్‌షైర్ పల్లెకు రమ్మంటుంది. అతనేమో అదే అంకంలో పాత ప్రియురాలు లవిట్‌తో, ఈ పెళ్లి ఆస్తి కోసమేనని చెప్పుకుంటాడు.